వామి లోపలి వేడి

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతి చదువుతున్న ఏడాది, ఒక మనిషి వామిని తగలబెట్టాలని అగ్గిపెట్టె లంగా బొడ్డులో దోపుకుని బయలుదేరాను. ఈ మాట నా పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు కోపం ఎక్కువని వాళ్ళకు తెలుసు, అది ఒకప్పుడు అంత దూరం నడిచిందని మాత్రం తెలియదు. నాకిప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. ఇంకా దాచుకుని చేసేదేమీ లేదు.

మాది పావగడ తాలూకాలో ఆంధ్ర సరిహద్దుకు ఆనుకున్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పొలంలో వేరుశనగ. అప్పట్లో వేరుశనగ కాక ఇంకో పంట ఉంటుందని మాకు తోచేదే కాదు. కాయలు తెంపుకున్నాక మిగిలే ఎండు చెట్టును మేము కట్టె అంటాము. ఎద్దులకు ఏడాది పొడుగునా అదే మేత. దాన్ని ఇంటి వెనక కళ్ళంలో ఇంటెత్తున పేర్చి పెట్టుకుంటే వామి. కరువు రోజుల్లో ఏ ఇంటికి ఎంత ధైర్యం ఉందో వాళ్ళ వామి చూస్తే తెలిసిపోయేది. సంబంధాలు చూడటానికి వచ్చినవాళ్ళు కూడా మంచినీళ్ళు తాగే ముందు కళ్ళం వైపు ఒక చూపు చూసేవాళ్ళు.

మా వీధి వాలులో, మా ఇంటికి దిగువన, మా నాయనకు వరుసకు తమ్ముడయ్యే ఆయన ఇల్లు. నేను కింది ఇంటి చిన్నాయన అనేదాన్ని. ఆయన కూతురిదీ నాదీ ఒకే ఈడు, ఒకే తరగతి. వై.ఎన్.హొసకోట హైస్కూలుకు ఇద్దరం కలిసి నడిచేవాళ్ళం. దారిలో ఒక మూర పూలు దొరికితే సగం తుంచి ఇచ్చేది, ఎప్పుడూ పెద్ద సగం నాకే. వాళ్ళకు బోరు లేదు. మా బోరు దగ్గరి తొట్టిలోనే నీళ్ళు పట్టుకునేవాళ్ళు. అందుకు వాళ్ళు అడిగిందీ లేదు, మేము ఇచ్చామని అనుకున్నదీ లేదు.

వరసగా మూడేళ్ళు వాన మొహం చాటేసింది. నాలుగో ఏడు పంట ఒక మాదిరిగా వచ్చింది. తీరా చెట్లు పీకి పొలంలో పరిచాక రెండు రోజులు ముసురు పట్టింది. మూడేళ్ళు ఎండలో బతికిన మనుషులం, కోతల నాటి వానను ఎలా చూసుకోవాలో మరిచిపోయాం. మళ్ళీ వాన పడితే కట్టె నల్లబడుతుందని, నల్లబడిన కట్టెకు ఎద్దులు మూతి పెట్టవని నాయనకు ఒకటే భయం. కాయలు తెంపడం అయిందో లేదో, పైన ఆరినట్టు కనిపించగానే వామి వేసేశాడు. చిన్నాయనకు కూలివాళ్ళు దొరక్క చెట్లు తడి కుప్పల్లోనే ఉండిపోయి, ఆయన వామి ఇంకో పది రోజులు ఆలస్యమైంది. ఇలాంటివాటికి అడ్డు చెప్పాల్సిన మనిషి మా అవ్వ, మా నాయన తల్లి. ఆమె అప్పుడు ఊళ్ళో లేదు, మా అత్త పురిటికని వెళ్ళింది.

మా వామి లేచిన వారానికి చిన్నాయన మేకలు మేము ఆరబోసిన కాయల మీద పడ్డాయి. నాయన కర్ర విసిరాడు. ఒక మేకకు కాలు విరిగింది. చిన్నాయన ఆ మేకను భుజాన వేసుకుని వీధి మధ్యలో నిలబడ్డాడు.

"నోరు లేని జీవం కాలు ఇరగ్గొట్టినావే! నీ వామిలో అగ్గి పడ! నీ ఎద్దులు మన్ను మేయ!"

వీధి వీధంతా విన్నది. నేను కూడా విన్నాను. ఆ మాటను ఒళ్ళో పెట్టుకున్నట్టు పెట్టుకున్నాను.

మరో రెండు వారాలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిని కూర్చున్నవాళ్ళం అరుపులు విని వెనక్కి పరుగెత్తాం. అప్పటికే వామి నిలువునా మండుతోంది. కరెంటు లేదు, మోటారు ఆడదు. తొట్టిలో ఉన్న నీళ్ళు ఎత్తి పోస్తే ఆ మంట ముందు ఒక మూలకు కూడా రాలేదు. చిన్నాయన కూడా బిందె పట్టుకుని వచ్చాడు. నాయన ఆ బిందెను ఆయన చేతిలోంచి లాగి విసిరేశాడు.

"చేసేదంతా చేసి, ఆర్పేకి వచ్చినావా?"

చిన్నాయన ఏదో అనబోయాడు. వినేవాళ్ళెవరూ లేరు. ఆయన నోటితో చెప్పి మరీ చేశాడని ఊరు ఊరంతా నమ్మింది. గంటలోపల మా ఏడాది మేత బూడిదైపోయింది. మరుసటి వారం ఎద్దుల జతను సంతకు తోలాల్సి వచ్చింది. అందులో ఎర్రది మా కొట్టంలోనే పుట్టింది, నేను దూడప్పుడు దానితో ఆడుకున్నాను. వీధి మలుపులో అది మొండికేసి నిలబడితే కొన్నవాడు తోక పట్టి మెలిపెట్టాడు. నా కడుపు రగిలిపోయింది. మెలిపెట్టినవాడి మీద కాదు, చిన్నాయన మీద.

వామి కాలిన మరునాడే అవ్వ వచ్చింది. బూడిద చుట్టూ ఒకసారి తిరిగి, కట్టెను ఎన్ని దినాలు ఆరబెట్టినారని అడిగింది. నాయన ఆమె మీద కసురుకున్నాడు. వాడు కాల్చింది కళ్ళకు కనపడుతుంటే ఈ మాటలు ఎందుకని అడిగాడు. అవ్వ మళ్ళీ నోరెత్తలేదు.

ఆ రోజే నాయన ఇంకో మాట అన్నాడు. మన తొట్టి దగ్గర వాళ్ళ బిందె కనపడకూడదు. కాపలా పని నాకు అప్పగించాడు. అంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు. పొద్దున బడికి పోయే ముందు, సాయంత్రం వచ్చాక, తొట్టి గట్టు మీద కూర్చునేదాన్ని. రెండో రోజు పొద్దున చిన్నాయన కూతురు వచ్చింది. నన్ను చూసి నవ్వింది కూడా. ఎప్పటిలాగే బిందె ముంచి, నిండాక గట్టు మీద పెట్టి, తలగుడ్డ చుట్టుకుంటోంది. నేను లేచి ఆ బిందెను కాలితో తోశాను. నీళ్ళన్నీ నేల మీద పోయాయి. కరువు నేల కదా, క్షణంలో తాగేసింది. మా ఇళ్ళలో మొహం కడుక్కున్న నీళ్ళు కూడా చెట్టు మొదట్లో పోస్తారు. నీళ్ళు నేలపాలు చేయడం ఎంత పెద్ద పనో నాకు తెలుసు, తెలిసే చేశాను. ఆ పిల్ల ఏడవలేదు. తడిసిన మట్టిని చూసింది, నన్ను చూసింది, ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి వాళ్ళు మైలున్నర దూరంలోని దిగుడు బావి నుంచి నీళ్ళు మోసుకున్నారు. ఆ పిల్ల పొద్దున్నే రెండు తిరుగుళ్ళు తిరిగి బడికి వచ్చేసరికి ఆలస్యమయ్యేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళను మా ఇంగ్లీషు మేష్ట్రు మొదటి పీరియడ్ అయ్యేవరకు వాకిట్లో నిలబెట్టేవారు. నా చోటు నుంచి వాకిలి బాగా కనపడేది. రోజూ చూసి లోపల్లోపల సంబరపడేదాన్ని. అయినా నాకు తృప్తి కాలేదు. వాళ్ళ వామి కళ్ళంలో నిక్కుతూ నిలబడి ఉంది. బడికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాన్ని చూసేదాన్ని. మాది కాలిపోయి వాళ్ళది నిలబడి ఉండటం ఏం న్యాయం అని ఒళ్ళు మండేది.

అలా ఒక నెల గడిచింది. మా మేష్ట్రు హొసకోట మనిషే. పాఠం కన్నడంలో మొదలుపెట్టి, మా మొహాలు చూసి తెలుగులోకి దిగేవారు. ఆ శుక్రవారం పాఠంలో కొండ మీద చలికి నెగడు వేసుకున్న గొర్రెల కాపరి కథ ఏదో ఉంది. మేష్ట్రు బోర్డు మీద రెండు మాటలు రాశారు. ఒకటి బర్న్, ఇంకొకటి స్మోల్డర్.

"బర్న్ మీకందరికీ వచ్చు. దీపం మండినా బర్నే, వేలు కాలినా బర్నే, రొట్టె మాడినా బర్నే. ఒకరి మీద ఒళ్ళు మండినా అదే."

"కడుపు మంటో, సార్?" వెనక బెంచీ నుంచి ఎవడో అడిగాడు.

"అదీ దాంట్లోకే వస్తాది. డాక్టరు దగ్గరికి పోయేదైనా సరే, పక్కింటోణ్ణి చూసి వచ్చేదైనా సరే."

అందరం నవ్వాం. మేష్ట్రు నవ్వలేదు. రెండో మాట కింద సుద్దముక్కతో గీత గీశారు. హొసకోట దారిలో కాయలు ఆడించే మిల్లు వెనక వేరుశనగ పొట్టు గుట్టగా పోసి ఉంటుంది, దాంట్లో కాలు పెట్టి కాల్చుకున్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. ఏడెనిమిది చేతులు లేచాయి. నాది కూడా. మంట కనపడిందా అని అడిగారు. లేదన్నాం. పొగ? అదీ లేదన్నాం. మరి కాలిందా? కాలింది సార్ అని అందరం అరిచాం. అదే స్మోల్డర్ అన్నారు. మంట చూపకుండా, లోపల్లోపల, ఎవరికీ తెలియకుండా కాలడం.

"మనుషుల్లో గూడా ఉంటారు అట్లాటోళ్ళు. నవ్వుతాంటారు, తింటాంటారు, మనతో మాట్లాడుతాంటారు. లోపల మాత్రం అదే పని." అని, ఒక వాక్యం వస్తువు మీద, ఒక వాక్యం మనిషి మీద రాసుకుని సోమవారం రమ్మన్నారు.

వాకిట్లో నిలబడిన పిల్ల కూడా విన్నది. నాకైతే ఆ మాట నా కోసమే పుట్టిందనిపించింది. ఎక్కడో ఉన్న ఇంగ్లీషువాళ్ళకు కూడా నా సంగతి తెలిసి దానికొక పేరు పెట్టి ఉంచారని గర్వంగా అనిపించింది. ఆ సాయంత్రమే రెండో వాక్యం రాసేశాను, నా మీదే రాసుకున్నాను. రాశాక ఇంకా రాజుకుంది. ఎన్నాళ్ళు లోపల్లోపల కాలేది, ఆదివారం బయటికి తీసి చూపిస్తాననుకున్నాను.

ఆదివారం మిట్టమధ్యాహ్నం ఎంచుకున్నాను. మాది కాలింది కూడా ఆ వేళకే కాబట్టి. చిన్నాయన పొలం నుంచి ఇంకా రాలేదు. చిన్నమ్మ, ఆ పిల్ల ఇంట్లో ముందు వైపు ఉన్నారు. కంచె సందులోంచి దూరి వామి వెనక్కి చేరాను. పైన గాలికి మంట ఆరిపోతే పరువు పోతుందని, లోపల బొరియ చేసి పెడదామని, మోచేతి దాకా చెయ్యి దూర్చి కట్టె పీకడం మొదలుపెట్టాను. రెండు గుప్పిళ్ళు పీకాను. మూడోసారి ఇంకా లోతుకు పోయిన చెయ్యి చురుక్కుమంది. కెవ్వుమనబోయి నోరు నొక్కుకున్నాను. పాము కరిచిందనుకున్నాను. చెయ్యి లాగి చూస్తే మూడు వేళ్ళు ఎర్రగా, ఆవిరి తగిలినట్టు తడితడిగా ఉన్నాయి. ఆ బొరియలోంచి సన్నగా ఒక వాసన వచ్చింది. బెల్లం పాకం కాస్తున్నట్టు, తీపిగా, కొంచెం మాడుగా.

ఆ వాసన నాకు తెలుసు. మా వామి కాలిపోయే ముందు రెండు మూడు రోజులు ఇంటి వెనక వచ్చింది అదే. ఎవరింట్లోనో పాకం పడుతున్నారు అంది అమ్మ అప్పుడు.

అంత తెలిసినా నాకు తట్టాల్సింది తట్టలేదు. ఇది నేను సిగ్గుతో రాస్తున్నాను. మా వామి ఎలా కాలిందో నా చేతికి తెలిసిపోయింది, బుర్ర మాత్రం పక్కకు తిరిగి నిలబడింది. నాకు తట్టింది ఒక్కటే, ఈ వామి తనంతట తానే మండబోతోంది. నేను పుల్ల గీయనక్కరలేదు. పాపం నా చేతికి అంటదు. ఎవరూ నా పేరు చెప్పరు. నోరు మూసుకుని ఇంటికి పోతే చాలు. ఇంతకంటే మంచి పగ ఎవరికి దొరుకుతుంది! పీకిన కట్టె మళ్ళీ బొరియలో కుక్కి, అగ్గిపెట్టె బొడ్డులో పెట్టుకుని, కంచె దాటి ఇంటికి వచ్చేశాను.

అవ్వ సంగటి పెట్టింది. ఒక ముద్ద తిని రెండోది అడిగాను. ఎద్దులు పోయినప్పటి నుంచి నేను సరిగ్గా తిన్నది లేదు.

"ఏందమ్మే, ఈ పొద్దు ఇంత ఆకలి?" అంది అవ్వ నవ్వుతూ. ఇంతలో నా చెయ్యి చూసింది. జాకెట్టు చేతికి అంటుకున్న కట్టె ముక్కలు చూసింది.

నేను దాచలేదు. దాచాలని కూడా అనిపించలేదు. ఆ సంతోషం ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. అన్నీ చెప్పేశాను. అగ్గిపెట్టె తీసి చూపించి, "ఇంగ దీంతో పనే లేదవ్వా. అదే మండిపోతాది చూడు," అన్నాను.

అవ్వ మొహంలో నవ్వు పోయింది. వేడి ఎంత లోతున తగిలిందని అడిగింది. వాసన ఎట్లా ఉండిందని అడిగింది. నేను బెల్లం అనగానే ఆమె కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి, చూరులో దోపిన, వామిలోంచి మేత పీకే కొంకి కర్ర తీసుకుని వీధి దిగువకు నడిచింది. అంత వయసులో అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు. నేను ఎంగిలి చేత్తోనే వెనక పరుగెత్తాను.

ఆమె ఎవరినీ పిలవలేదు. నేరుగా చిన్నాయన కళ్ళంలోకి పోయి కొంకితో వామిని లాగి కింద పడేయడం మొదలుపెట్టింది. చిన్నమ్మ బయటికి వచ్చి చూసి గుండెలు బాదుకుంది. ముసల్ది పగ తీర్చుకుంటోందని, వామి నాశనం చేస్తోందని ఊరంతా వినపడేలా అరిచింది. ఆ పిల్ల వచ్చి వామికి అడ్డంగా నిలబడింది. అవ్వ పిల్లను పక్కకు జరిపి మళ్ళీ లాగింది. అప్పుడే పొలం నుంచి వస్తున్న చిన్నాయన చేతిలో ముల్లుకర్రతో పరుగెత్తుకొచ్చాడు. కర్ర పైకి లేచింది.

"పెద్దమ్మా, నా చేత పాపం చేయించొద్దు. పో ఈడ్నుంచి!"

"కొడితే కొట్టప్పా. ముందు ఈడ చెయ్యి పెట్టి చూడు."

ఆయన కదలకపోతే అవ్వే ఆయన చెయ్యి పట్టుకుని, తను లాగిన గుంటలోకి భుజం దాకా తోసింది. చిన్నాయన అబ్బా అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కర్ర కింద పడిపోయింది. ఆయన తన అరచేతినే చూసుకుంటూ నిలబడ్డాడు. చిన్నమ్మ అరుపు సగంలో ఆగిపోయింది.

తర్వాత వీధి వీధంతా చేరింది. పైనుంచి పొరలు పొరలుగా లాగారు. నడిమధ్యకు వచ్చేసరికి కట్టె నల్లగా, బొగ్గులా, పట్టుకుంటే పొడి పొడిగా ఉంది. గాలి తగిలిన చోటల్లా ఎర్రగా కళ్ళు తెరిచి మండబోయింది. నీళ్ళు, నీళ్ళు అని అరిచారు. దగ్గర్లో ఉన్న నీళ్ళు మా తొట్టిలోవే. నెల రోజులు నేను కాపలా కాసిన నీళ్ళు.

నేను పరుగెత్తాను. కాలిన వేళ్ళతో బిందెలు ముంచి అందించాను. ఒక బిందె అందుకోవడానికి వచ్చిన చెయ్యి ఆ పిల్లది. బిందె తీసుకుంది. నా వైపు చూడలేదు. అలా ఏడెనిమిది సార్లు వచ్చింది, ఒక్కసారీ చూడలేదు.

సగం కంటే ఎక్కువ కట్టె మిగిలింది. వాళ్ళ ఎద్దులు నిలిచాయి. అందరూ కూలబడి ఆయాసపడుతుండగా మా నాయన పొలం నుంచి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ఆ నల్లని కట్టె చూశాడు, చేత్తో నలిపాడు, వాసన చూశాడు. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. అవ్వ అందరి ముందూ, కొడుకు ముందూ, గొంతు ఎత్తి చెప్పింది.

"మాదీ ఇట్లే కాలింది. నా కొడుకు తడి కట్టె వామి ఏసినాడు. లోపలి తడి ఉడికి ఉడికి అదే అంటుకునింది. ఈ అబ్బి కాల్చలేదు. బూడిద చూసిన పొద్దే నాకు అనుమానం వచ్చినాది. కొడుకు తలొంచుకోవాల్సి వస్తాదని నోరు మూసుకున్నా."

నెల రోజులుగా ఆ ఇంటిని మేము తిట్టిన తిట్లన్నీ ఆ కళ్ళంలో మా మీదికే తిరిగి నిలబడ్డాయి. నాయన లేచి చిన్నాయన దగ్గరికి పోయి, రేపటి నుంచి నీళ్ళకు రమ్మన్నాడు. చిన్నాయన తల ఊపాడు. నేల మీద పడిన ముల్లుకర్ర తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక అవ్వ నా వేళ్ళకు వెన్న రాసింది. కొడుతుందని కాచుకుని ఉన్నాను. కొట్టలేదు.

"అగ్గి పెట్టేకి పోయింది తప్పే. కోపం వచ్చింది, పోయినావు, దానికి నేనేమీ అనను. కాల్తాందని తెలిసినాక వచ్చి అన్నం తింటివే. రెండో ముద్ద అడిగితివే. దానికి నిన్నేం చేసేది, చెప్పు?"

ఆమె వెన్న రాస్తూనే, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది. "నేనూ అట్లే తిన్నా. నెల దినాలు."

మా అవ్వ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

సోమవారం పొద్దున చిన్నమ్మ బిందె పట్టుకుని మా తొట్టి దగ్గరికి వచ్చింది. తల వంచుకుని నీళ్ళు పట్టుకుని పోయింది. ఆ పిల్ల మాత్రం తన బిందె చంకన పెట్టుకుని దిగుడు బావి దారినే పోయింది. ఆ రోజు కూడా బడికి ఆలస్యంగా వచ్చింది, ఆ రోజు కూడా వాకిట్లోనే నిలబడింది. మేష్ట్రు వరసగా వాక్యాలు చదివిస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు వేళ్ళు కాలాయని, రాయలేదని అబద్ధం చెప్పాను. పుస్తకం తెరిస్తే ఆ వాక్యం కనపడుతుందని అట్టను అరచేత్తో అదిమి పట్టుకున్నాను. మేష్ట్రు వాకిలి వైపు తిరిగి, నువ్వు రాసినావామ్మా అని అడిగారు.

ఆ పిల్ల పుస్తకం తీయలేదు. ఐ స్మోల్డర్ అంది.

తరగతిలో ఒకరిద్దరు నవ్వారు. మేష్ట్రు చెయ్యి ఎత్తి ఆపారు.

"చిన్నదైనా సరిగ్గా ఉండాది వాక్యం. లోపలికి రా," అన్నారు.

ఆమె లోపలికి వచ్చి, నా పక్కన ఖాళీ ఉన్నా, వెనక బెంచీకి వెళ్ళి కూర్చుంది. పదో తరగతి అయ్యేవరకు అక్కడే కూర్చుంది. పదో తరగతి అయ్యేవరకు దిగుడు బావి నీళ్ళే మోసింది. నేను రెండు మూడుసార్లు దారి కాచి తప్పయిందని చెప్పాను. సరేలే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నా కోపం ఈ వయసుకూ తగ్గలేదు. ఎవరి మీదైనా ఒళ్ళు మండితే, ముందు మా ఇంట్లో ఎవరు తడి కట్టె వామి వేశారో చూసుకోవడం మాత్రం అలవాటు చేసుకున్నాను. పది సార్లలో ఆరేడు సార్లు మా చెయ్యే ఉంటుంది. మిగతా మూడు నాలుగు సార్లు తిడతాను, అబద్ధం చెప్పడమెందుకు. ఎవరి ఇంటికైనా కీడు ముంచుకొస్తోందని తెలిసినప్పుడు, వాళ్ళు నాకు ఎంత గిట్టనివాళ్ళయినా, చెప్పేవరకు నాకు ముద్ద దిగదు. అది మా అవ్వ పెట్టిన శిక్ష, ఇంకా నడుస్తోంది.

మా పొలాల మీద ఇప్పుడు సోలార్ పలకలు పరుచుకున్నాయి. వామి వేసేవాళ్ళూ లేరు, ఎద్దులూ లేవు. పోయిన ఏడాది హొసకోటలో ఒక పెళ్ళికి పోతే చిన్నాయన కూతురు కనపడింది. నవ్వుతూ వచ్చి నా చేతులు పట్టుకుంది. పిల్లల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, పోయిన మా అవ్వ గురించి ఎంతసేపో మాట్లాడుకున్నాం. నా మనసు దూదిలా తేలికయింది. భోజనాల పంక్తిలో వడ్డించేవాళ్ళు తక్కువైతే నేను నీళ్ళ జగ్గు అందుకుని వరసగా గ్లాసులు నింపుకుంటూ వచ్చాను. ఆమె ఆకు దగ్గరికి వచ్చి వంగాను. ఆమె పక్కనున్నామెతో ఏదో మాట్లాడుతూనే, మాట ఆపకుండానే, తన గ్లాసు మీద అరచెయ్యి బోర్లించింది.

"నాకొద్దు మే. నేను తెచ్చుకున్నా," అని సంచిలోంచి సీసా తీసి చూపించింది. నవ్వుతూనే ఉంది.

నేను జగ్గుతో పక్క ఆకు దగ్గరికి జరిగాను.